కితకితల ఆట: ఇంట్లో, ఫ్రెండ్స్ మధ్య మళ్ళీ మళ్ళీ వచ్చే డౌట్లు, జవాబులు

మా ఇల్లు నిజాంపేట సైడ్. ఎండాకాలం సెలవులొచ్చాయంటే మా అక్క పిల్లలు, మా ఆడపడుచు పిల్లలు, కింద ఫ్లాట్ వాళ్ళ పిల్లలు అందరూ మా హాల్లోనే ఉంటారు. మధ్యాహ్నం కూలర్ ముందు పడుకోమంటే పడుకోరు, ఒకడు ఇంకొకడి డొక్కలో వేలు పెడతాడు, అంతే ఇగ లొల్లి మొదలు. నాకు ఆ నవ్వులంటే చాలా ఇష్టం. కానీ ప్రతి ఏడాది అవే డౌట్లు వస్తున్నాయి, అక్క ఒకసారి అడుగుతుంది, మరిది ఒకసారి అడుగుతాడు, పార్కులో కూర్చున్న అమ్మలు అడుగుతారు, అందుకే చదివినవి, పదేళ్ళుగా ఇంట్లో చూసినవి కలిపి ఒకచోట రాసి పెట్టా. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి పోండి.

## మొదలుపెట్టే ముందు

కితకితలు, చక్కిలిగింతలు, గిలి అన్నీ ఒకటేనా?

మాటలు వేరే అంతే, మన దగ్గర మూడూ వాడతారు, పాతబస్తీ ఫ్రెండ్స్ అయితే గుద్గుదీ అంటారు. కానీ శరీరంలో మాత్రం నిజంగానే రెండు రకాలున్నాయి. 1897లో అమెరికాలో స్టాన్లీ హాల్, ఆర్థర్ ఆలిన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు వీటికి విడివిడిగా పేర్లు పెట్టారు. చీమ పాకినట్టు, ఈక తగిలినట్టు చర్మం మీద జివ్వుమనేది నిస్మెసిస్, దానికి నవ్వు రాదు, గోక్కోవాలనిపిస్తుంది. చంకలో, డొక్కల్లో, అరికాళ్ళలో వేళ్ళతో కొంచెం నొక్కుతూ పెడితే పగలబడి నవ్వొచ్చేది గార్గలెసిస్. మనం ఆడే ఆట ఈ రెండోది.

నాకు నేనే చంకలో పెట్టుకుంటే నవ్వెందుకు రాదు?

ఇది మా పెద్దోడు రోజుకోసారి అడిగేవాడు. మన చెయ్యి కదిలే ముందే అది ఎక్కడ తగులుతుందో, ఎలా తగులుతుందో మెదడు అంచనా వేసేసుకుంటుంది, ముందే తెలిసిపోయింది కాబట్టి ఆ స్పర్శని తగ్గించేస్తుంది. 1998లో లండన్‌లో సారా జేన్ బ్లేక్‌మోర్, డేనియల్ వోల్పర్ట్, క్రిస్ ఫ్రిత్ అనే వాళ్ళు స్కానింగ్ మెషీన్‌లో మనుషుల్ని పడుకోబెట్టి చూస్తే ఈ పనిలో చిన్నమెదడుది పెద్ద పాత్ర అని తేలింది. తర్వాత ఏడాది ఇంకో తమాషా చేశారు. ఒక చేత్తో రోబోని కదిలిస్తే ఆ రోబో రెండో అరచేతిలో స్పాంజి ముక్కతో గిలి పెడుతుంది, మనం కదిలించిన వెంటనే తగిలితే పెద్దగా ఏం ఉండదు, కానీ సెకన్‌లో పదో వంతో, పదిలో మూడు వంతులో లేట్‌గా తగిలేలా పెడితే గిలి పెరిగింది. అంటే మెదడు వేసుకున్న లెక్క తప్పితేనే గిలి. అందుకే ఎదుటోళ్ళ చెయ్యి ఎటు నుంచి వస్తుందో తెలియనప్పుడే ఎక్కువ నవ్వొస్తుంది.

పసిపిల్లలకి ఎన్నో నెల నుంచి పెట్టొచ్చు?

మనల్ని చూసి బోసినవ్వు నవ్వడం ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొదలవుతుంది, పైకి వినపడేలా కిలకిల నవ్వడం నాలుగో నెల చుట్టుపక్కల, కితకితలకి నవ్వడం చాలామందిలో ఆరో నెల దగ్గర్లో కనిపిస్తుంది. అంతకుముందు పెడితే బిడ్డకి అది ఆట అని తెలియదు, ఉలిక్కిపడుతుంది అంతే. ఇష్టంగా ఒళ్ళు నిమరండి, పాదానికి ముద్దు పెట్టండి, చాలు.

ఆరేడు నెలలకి మన అమ్మమ్మల ఆటకన్నా మంచిది నాకింకోటి కనపళ్ళేదు. బిడ్డ అరచెయ్యి చాపించి అందులో మన మోచెయ్యి తిప్పుతూ పప్పు రుబ్బినట్టు చేసి, ఒక్కో వేలు మడుస్తూ అమ్మకి ఇంత నాన్నకి ఇంత అని పెట్టి, చెయ్యి కడిగినట్టు తుడిచి, అప్పుడు రెండు వేళ్ళని కాళ్ళలా నడిపిస్తూ మణికట్టు మీంచి మోచెయ్యి, మోచెయ్యి మీంచి భుజం, అత్తారింటికి దారేది దారేది అనుకుంటూ పోయి చివరికి చంకలో గిలిగిలి. గమనించండి, వేళ్ళు మోచెయ్యి దాటకముందే బిడ్డ మెడ లోపలికి లాక్కుని నవ్వడం మొదలెడుతుంది. అంత నెమ్మదిగా నడిచి రావడం వల్ల బిడ్డకి వద్దనడానికి టైమ్ దొరుకుతుంది. మొహం పక్కకి తిప్పేసినా, వీపు విల్లులా వంచినా, పిడికిళ్ళు బిగించినా, చెయ్యి వెనక్కి లాక్కున్నా దారి అక్కడే ఆపెయ్యాలి. మాటలు రాని బిడ్డ అలాగే చెప్తుంది.

కితకితలు పెడితే పిల్లలకి నత్తి వస్తుందని మా అత్తమ్మ అంటున్నారు, నిజమా?

కాదండి. నత్తి మామూలుగా రెండు నుంచి ఐదేళ్ళ మధ్య, మాటలు గబగబా పెరిగే టైమ్‌లో మొదలవుతుంది, ఇంట్లో ఎవరికైనా ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ, మాటని నడిపే మెదడు భాగాలు ఎదిగే తీరుతో దానికి సంబంధం. కితకితలతో కాదు. పెద్దావిడతో వాదన పెట్టుకోకండి, ఊపిరాడనంత సేపు పెట్టం అత్తమ్మా అని చెప్పండి, ఆవిడ భయం వెనక ఉన్నది కూడా బిడ్డ మీద ప్రేమే కదా.

మాది చిన్న టూ బీహెచ్‌కే, ఎక్కడ ఆడనివ్వాలి?

నేల మీద. పరుపు కిందకి లాగి గోడకి దూరంగా వేసెయ్యండి, అంతే. దివాన్ కాట్ మీద, మంచం మీద వద్దు, కితకితలకి మనిషి ఎటు దొర్లుతాడో వాడికే తెలియదు, దివాన్ మూలలు సరిగ్గా చిన్నపిల్లల తల ఎత్తులో ఉంటాయి. సాక్సులతో మార్బుల్ మీద పరిగెత్తనివ్వద్దు. టీపాయ్ పక్కకి జరపండి, చాయ్ గ్లాసులు కిచెన్‌లో పెట్టెయ్యండి.

డాబా మీద మాత్రం అస్సలు వద్దు. సంక్రాంతికి పతంగులు ఎగరేసేటప్పుడు పిట్టగోడ దగ్గర నిలబడ్డోడి నడుంలో వెనక నుంచి వేలు పెట్టడం నేను కళ్ళారా చూశా, ఆ పిల్లగాడు ముందుకి తూలాడు, గోడ నడుము దాకా ఉంది కాబట్టి ఆగాడు. నాకు ఇప్పటికీ ఆ సీన్ గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది. బాల్కనీ, మెట్లు, స్టవ్ దగ్గర నిలబడ్డ మనిషి, చేతిలో కత్తి ఉన్న మనిషి, ఇవన్నీ కూడా అంతే.

ఆటకి ముందు ఏమైనా చూసుకోవాలా?

గోళ్ళు, ఉంగరాలు, గాజులు, వాచీలు. పెద్దోళ్ళ గోరు ఒక్కటి చాలు చంకలో గీరుకుపోడానికి, అక్కడ చర్మం మస్తు పల్చన. రెండోది నోరు, అందులో ఏమీ ఉండకూడదు. పల్లీలు, చాక్లెట్, చూయింగ్ గమ్, జామకాయ ముక్క, ఏదున్నా నవ్వినప్పుడు లోపలికి గట్టిగా ఊపిరి పీల్చుకుంటాం కదా, అది గొంతులో అడ్డం పడుతుంది. నాలుగైదేళ్ళ లోపు పిల్లలకి ఇది నిజంగా ప్రాణాల మీదకొచ్చే విషయం. అన్నం తిన్న వెంటనే కూడా వద్దు, పెరుగన్నం మొత్తం పరుపు మీద పడుతుంది.

## ఆట నడుస్తుండగా

రూల్స్ అంటూ ఏమైనా పెట్టాలా? ఆటకి కూడా రూల్సా?

పెట్టాలి, రూల్స్ ఉంటేనే పిల్లలు ధైర్యంగా దిగుతారు. మా ఇంట్లో మొదట "వద్దు అంటే ఆపాలి" అనే పెట్టాం, పనిచెయ్యలేదు, ఎందుకంటే నవ్వుతూ అందరూ వద్దొద్దొద్దు అనే అరుస్తారు, ఏది నిజం వద్దో ఏది ఆట వద్దో తెలియక గొడవలు. అప్పుడు పిల్లలే కూర్చొని ఒక మాట పెట్టుకున్నారు, "సపోటా". ఎవరైనా సపోటా అంటే పెట్టేవాళ్ళ చేతులు అక్కడే పైకి లేవాలి, ఇంకొక్కసారి ఇంకొక్కసారి అనడాలు లేవు. మీ ఇంట్లో పిల్లల్నే ఎంచుకోనివ్వండి, వాళ్ళు పెట్టుకున్న మాట వాళ్ళు మర్చిపోరు.

మాటతో పాటు ఒక సైగ కూడా కావాలి. గట్టిగా నవ్వేటప్పుడు ఊపిరంతా బయటికే పోతుంది, మాట్లాడ్డానికి గాలి మిగలదు, సపోటా అనబోతే సా సా సా అని మాత్రమే వస్తుంది. కుస్తీలో ఓడినోడు నేల మీద కొడతాడు చూడండి, అలా పరుపు మీద రెండుసార్లు చెయ్యి కొడితే కూడా ఆపాల్సిందే. పెద్దోళ్ళు కూడా ఇదే రూల్‌లో ఉండాలి, నాన్న సపోటా అన్నప్పుడు పిల్లలు ఆగారంటే బయట కూడా ఎదుటోళ్ళు ఆపమంటే ఆపుతారు.

నవ్వుతోంది కదా, నవ్వుతోందంటే నచ్చినట్టే కదా?

కాదు. నేను ఈ పేజీ రాయడం మొదలెట్టిందే ఈ ఒక్క ప్రశ్న కోసం.

కితకితల నవ్వు మోకాలి మీద డాక్టర్ సుత్తితో కొడితే కాలు లేచినట్టు వచ్చే నవ్వు, మనసుకి నచ్చినా నచ్చకపోయినా వస్తుంది. కాలిఫోర్నియాలో క్రిస్టీన్ హారిస్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ 1997లో ఒక పని చేశారు. కామెడీ వీడియో చూసి బాగా నవ్వినోళ్ళకి తర్వాత ఏ జోక్ చెప్పినా ఈజీగా నవ్వొస్తుంది కదా, మరి కామెడీ చూశాక కితకితలు పెడితే ఎక్కువ నవ్వుతారా, కితకితలు పెట్టాక కామెడీ చూపిస్తే ఎక్కువ నవ్వుతారా అని చూస్తే రెండూ జరగలేదు. అంటే పైకి ఒకేలా వినపడినా అవి రెండు వేరే నవ్వులు. ఇంకా పాత మాట చెప్పాలంటే చార్లెస్ డార్విన్ 1872లోనే రాశాడు, కితకితలకి నవ్వు రావాలంటే మనసు ముందే కులాసాగా ఉండాలి, ముక్కూమొహం తెలియనివాడు పెడితే చిన్నపిల్ల నవ్వదు, భయంతో కేకలు పెడుతుంది అని.

మరి నచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి? చేతులు తీసెయ్యండి. నోరు మూసుకుని రెండు మూడు సెకన్లు ఆగండి. పాప మీ మీదకి వచ్చిందా, మీ చెయ్యి పట్టుకుని లాగిందా, చంక దాచుకుంటూనే దొంగచూపు చూస్తూ "ఇంకోసారి" అందా, నచ్చింది. బట్టలు సర్దుకుని అటు జరిగిందా, మొహంలో నవ్వు టక్కున పోయిందా, ఊపిరి సర్దుకుంటూ తల దించుకుందా, నచ్చలేదు, అయిపోయింది ఆట. ఆపినప్పుడు ఏం చేసిందో అదే జవాబు.

ఎలకల మీద కూడా సరిగ్గా ఇలాగే చూశారు, చదివినప్పుడు నాకు చాలా ముద్దొచ్చింది. అమెరికాలో యాక్ పాంక్‌సెప్ అనే ఆయన 1990ల చివర్లో ఎలకలకి చేత్తో కితకితలు పెడితే అవి 50 కిలోహెర్ట్‌జ్ దగ్గర కిచకిచమన్నాయి, మన చెవికి 20 దాటితే వినపడదు కాబట్టి ప్రత్యేకమైన మైకు పెట్టి విన్నారు. 2016లో బెర్లిన్‌లో షింపే ఇషియామా, మైఖేల్ బ్రెష్ట్ అనే ఇద్దరు చేస్తే చెయ్యి తీసేశాక ఎలకలు ఆ చెయ్యి వెనకే పరిగెత్తాయి. అవే ఎలకల్ని ఎత్తైన చోట, కళ్ళల్లో లైట్ పడేలా నిలబెట్టి పెడితే కిచకిచ బాగా తగ్గిపోయింది. భయంలో ఉన్న ఎలకకే ఆట ఆడబుద్ధి కాలేదు. పరీక్ష ముందు రోజు, నాన్నతో తిట్లు తిన్న రోజు, కొత్త ఇంట్లో, కొత్త మనుషుల మధ్య మన పిల్లల సంగతి కూడా అంతే.

ఒక్కసారికి ఎంతసేపు పెట్టొచ్చు?

మేం ఐదు లెక్కపెడతాం, ఆపుతాం, ఊపిరి పీల్చుకోనిస్తాం, మళ్ళీ కావాలంటే మళ్ళీ ఐదు. చిన్నపిల్లలైతే మూడు చాలు. ఎవరు లెక్కపెట్టాలి అంటే కితకితలు పెట్టించుకునేవాళ్ళే పైకి గట్టిగా లెక్కపెట్టాలి, నవ్వుతో నాలుగు దగ్గర ఇరుక్కుపోతారు, అదే అసలు మజా. పడుకోబోయే ముందు అరగంటలో వద్దు, తర్వాత పన్నెండైనా నిద్రపోరు.

ముగ్గురు కలిసి ఒక్కణ్ణి పట్టుకుని పెడుతున్నారు, ఆపాలా?

వెంటనే. ఇద్దరు చేతులు పట్టుకుని మూడోవాడు పెడితే కిందున్నవాడికి తప్పించుకునే దారి లేదు, సైగ చెయ్యడానికి చెయ్యి కూడా లేదు. ఛాతీ మీద కూర్చోవడం, మొహం మీద దిండు పెట్టడం కూడా అంతే, ఊపిరి ఆగిపోతుంది. హాస్టళ్ళలో బర్త్‌డే రోజు ఇలాగే మీద పడతారు, కిందున్నవాడు నవ్వుతున్నట్టే ఉంటాడు, తర్వాత చాలా రోజులు ఆ గ్యాంగ్‌తో కలవడు. ఒకరికి ఒకరు, చేతులు ఎప్పుడూ ఫ్రీగా ఉండాలి.

మా బావగారికి ఎక్కడ పెట్టినా రాదు, మనిషేనా ఆయన?

మనిషే. కొందరికి అరికాలు ముట్టుకుంటేనే ఎగిరిపడతారు, కొందరికి డొక్కల్లో తప్ప ఎక్కడా ఉండదు, కొందరికి అసలు ఉండదు, వయసుతో పాటు చాలామందికి తగ్గుతుంది కూడా. రాలేదని కసిగా గట్టిగా నొక్కకండి, పక్కటెముకల దగ్గర అది కితకిత కాదు, నొప్పి. ఇంకోటి, పెట్టేది మనిషే కానక్కర్లేదట. 1999లో పైన చెప్పుకున్న కాలిఫోర్నియా వాళ్ళే కళ్ళకి గంతలు కట్టి, ఇప్పుడు మెషీన్ పెడుతుంది అని నమ్మించి అరికాలికి కితకితలు పెట్టించారు, నిజానికి పెట్టింది దాక్కున్న మనిషే, అయినా మెషీన్ అనుకుని కూడా జనం అంతే నవ్వారు.

## ఆట చెడిపోయినప్పుడు

నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారిగా ఏడ్చేసింది, ఏమైంది?

మా అక్క కూతురికి ఆరేళ్ళప్పుడు సరిగ్గా ఇదే జరిగింది, పెట్టింది నేనే. కిలకిలా నవ్వుతోంది, నేనూ నవ్వుతున్నా, ఆ నవ్వు ఎప్పుడు సన్నగా కీచుమనే గొంతులోకి మారిందో నాకు తెలియలేదు, కళ్ళల్లో నీళ్ళొచ్చాక ఆపా. "పిన్నీ, నేను ఆపమన్నా కదా" అంది. అంది, నాకు వినపడింది కూడా, ఆటలో అంటోంది అనుకున్నా. ఆ రోజు "అయ్యో ఇంత దానికి ఏడుస్తారా" అనే మాట నాలుక చివర దాకా వచ్చింది, అనలేదు, సారీ నాన్నా నేను ఆగాల్సింది అన్నా. కాసేపు నా దగ్గరికి రాలేదు. రాత్రి అన్నం దగ్గర వచ్చి ఒళ్ళో కూర్చుంది.

మీరూ అంతే చెయ్యండి. చేతులు తీసెయ్యండి, కొంచెం దూరం జరగండి, నీళ్ళివ్వండి, సారీ చెప్పండి. వెంటనే గట్టిగా హత్తుకోకండి, అప్పటిదాకా ముట్టుకుంటేనే కదా ఏడుపొచ్చింది, తనే దగ్గరికి వస్తుంది. "నవ్వావు కదా మరి" అని మాత్రం అనకండి, నవ్వినందుకు తప్పు తనదే అనుకుంటుంది.

కాలితో తన్నాడు, ముక్కులో రక్తం వచ్చింది. ఎవర్ని తిట్టాలి?

ఎవర్నీ. కితకితలకి కాళ్ళూచేతులూ వాటంతటవే విసురుతాయి, కావాలని తన్నలేదు. అరికాలికి పెట్టేటప్పుడు మొహం కాళ్ళకి ఎదురుగా పెట్టకుండా పక్కన కూర్చోవాలి, అది మనం చూసుకోవాల్సింది.

రక్తం వస్తే తల వెనక్కి వంచొద్దు, మన ఇళ్ళల్లో అందరూ చేసే తప్పు ఇదే, రక్తం గొంతులోకి పోతుంది. కూర్చోబెట్టి తల కొంచెం ముందుకి వంచి, ముక్కు కింది మెత్తటి భాగాన్ని రెండు వేళ్ళతో పది నిమిషాలు వదలకుండా పట్టుకోండి, నోటితో ఊపిరి పీల్చుకోమనండి. అప్పటికీ ఆగకపోతే హాస్పిటల్.

తల గట్టిగా తగిలితే ఆ రోజంతా కనిపెట్టుకుని ఉండండి. మళ్ళీ మళ్ళీ వాంతులు, మామూలుగా లేని మత్తు, తెలివి తప్పడం, మాట తేడాగా రావడం, వీటిలో ఏది కనపడినా ఆలస్యం చెయ్యొద్దు.

చెయ్యి పట్టి లాగాం, ఇప్పుడు పాప చెయ్యి ఎత్తట్లేదు, ఏడుస్తోంది.

పారిపోతున్న చిన్నపిల్లని మణికట్టు దగ్గర పట్టి గుంజితే మోచేతి దగ్గర ఎముక కొంచెం పక్కకి జారుతుంది, ఐదేళ్ళ లోపు పిల్లల్లో ఇది బాగా మామూలు. వాపు కనపడదు, చెయ్యి మాత్రం ఒంటికి ఆనించి వేలాడేసుకుని ఉంటుంది, ముట్టుకుంటే ఏడుస్తుంది. ఇంట్లో తిప్పడం, లాగడం, పక్క వీధిలో నూనె రాసి సరిచేసే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడం చెయ్యకండి. పిల్లల డాక్టర్ దగ్గరికి పోతే చాలాసార్లు నిమిషంలో సరిచేసేస్తారు, పిల్ల అక్కడే చెయ్యి ఎత్తుతుంది. లాగొద్దు, పట్టుకోవాలంటే నడుం దగ్గర పట్టుకోండి.

నవ్వి నవ్వి బట్టల్లో పాస్ పోసేశాడు, సిగ్గుతో రూమ్‌లో కూర్చున్నాడు.

పిల్లల్లో జరుగుతుంది. ఎవరూ దాని గురించి మాట్లాడకుండా బట్టలు ఇచ్చి, పరుపు మీద కవర్ మార్చెయ్యండి, మిగతా పిల్లలకి కళ్ళతోనే చెప్పండి. తర్వాతసారి ఆటకి ముందు అందర్నీ ఒకసారి బాత్రూమ్‌కి పంపండి. కాన్పులైన ఆడవాళ్ళకి కూడా నవ్వినా తుమ్మినా కొంచెం పడటం చాలా మామూలు, కటి కండరాలకి వ్యాయామాలు ఉన్నాయి, లేడీ డాక్టర్ని అడగండి, ఏళ్ళ తరబడి దాచుకోవాల్సిన విషయం కాదు.

ఆస్తమా ఉన్న పిల్లాడికి పెట్టొచ్చా? ఆపరేషన్ అయినవాళ్ళకి?

గట్టిగా నవ్వడం వల్ల కొందరికి ఆయాసం మొదలవుతుంది, ముఖ్యంగా ఆస్తమా కంట్రోల్‌లో లేనప్పుడు, జలుబు చేసినప్పుడు, మన దగ్గర డిసెంబర్, జనవరి పొద్దున్న చలిగాలిలో. బాగున్న రోజు చిన్నగా ఆడుకోవచ్చు, ఇన్‌హేలర్ చేతికందే దూరంలో ఉండాలి, దగ్గు మొదలైతే ఆట బంద్. కుట్లు ఉన్నవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు, పక్కటెముకలకి దెబ్బ తగిలినవాళ్ళు, నెలలు నిండుతున్న గర్భిణులు, వీళ్ళకి వద్దే వద్దు.

## పిల్లలు ఎదిగాక, చుట్టాల మధ్య, బయట

నిన్నటిదాకా తనే అడిగేది, ఇప్పుడు పదకొండేళ్ళు, ముట్టుకోవద్దు నాన్నా అంటోంది. మా ఆయన బాధపడుతున్నారు.

బాధ ఉంటుంది, నిజమే. కానీ అది నాన్న మీద కోపం కాదు, ఒళ్ళు మారుతోంది, తన ఒళ్ళు తనది అని తెలుస్తోంది. ఎందుకు అని అడక్కుండా "సరే తల్లీ" అంటే చాలు. ఆ టైమ్‌ని వేరే దాంతో నింపండి, క్యారమ్స్, బ్యాడ్మింటన్, ఆదివారం పొద్దున్న ట్యాంక్‌బండ్ దాకా పోయొచ్చి ఇద్దరూ ఇడ్లీ తినడం. మా ఇంట్లో మా ఆయన, మా పాప ఇప్పుడు బొటనవేళ్ళ కుస్తీ ఆడతారు, మునుపటి అరుపులే, మునుపటి నవ్వులే. అబ్బాయిలు కూడా వద్దంటారు, "మగపిల్లాడివి నీకేంటి" అనకండి, వాడి మాటకీ అంతే విలువ.

ఫంక్షన్‌కి పోతే ఒక అంకుల్ వద్దంటున్నా కితకితలు పెడుతున్నాడు. పెద్దాయన, ఏమనాలో తెలియట్లేదు.

నవ్వుతూనే అనండి, కానీ అనండి. "బాబాయ్, వాడికి ఇష్టం లేదు, ఆపెయ్యండి" అని, పిల్లాడి భుజం మీద చెయ్యి వేసి మీ వైపుకి తెచ్చుకోండి. "ఏందమ్మా మేం పరాయోళ్ళమా" అంటారు, "పరాయోళ్ళని కాదు బాబాయ్, మా ఇంట్లో ఎవరు వద్దన్నా ఆపేస్తాం" అంటే చాలు. అక్కడ మీ పిల్లాడు మీ మొహం చూస్తుంటాడు, మా అమ్మ నా మాట వింది అని వాడికి తెలుస్తుంది. బోనాలప్పుడు మా చుట్టాల్లో ఒకాయనకి నేను ఇలాగే చెప్పా, రెండు నెలలు మాట్లాడలేదు, తర్వాత మామూలైపోయింది.

ఇంకో సంగతి, ఇది వేరే. ఆట పేరుతో ఎవరైనా పిల్లల్ని విడిగా తీసుకెళ్ళి పెడుతున్నా, బట్టల కింద చెయ్యి పెడుతున్నా, ఇది మన ఇద్దరి సీక్రెట్ అని చెప్తున్నా అది ఆట కాదు. పిల్ల చెప్తే నమ్మండి, తిట్టకండి, గుచ్చి గుచ్చి అడక్కండి, ఆ మనిషితో ఒంటరిగా మళ్ళీ వదలకండి. 18 ఏళ్ళ లోపు పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడటానికి 2012 నాటి పోక్సో చట్టం ఉంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ టైమ్‌లోనైనా ఫ్రీగా ఫోన్ చెయ్యొచ్చు. చుట్టాల్లో పరువు పోతుందేమో అని ఆలోచించే చోటు కాదిది.

అమీర్‌పేటలో హాస్టల్, రూమ్మేట్స్‌తో రోజూ ఇదే. ఎక్కడ గీత గీయాలి?

నిద్రపోతున్నోళ్ళకి వద్దు, ఫోన్‌లో ఇంట్లోవాళ్ళతో మాట్లాడుతున్నోళ్ళకి వద్దు, ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ఉన్నోళ్ళకి అస్సలు వద్దు. వీడియో తీసి స్టేటస్ పెట్టాలంటే ముందు అడగాలి. ఆఫీసులో, ఎంత క్లోజ్ అయినా, ఎవర్నీ ముట్టుకుని ఆడొద్దు, అక్కడ వద్దు అనడానికి చాలామంది మొహమాటపడతారు.

బండి మీద వెనక కూర్చుని నడిపేవాడి నడుంలో వేలు పెట్టేవాళ్ళకి నేను చేతులెత్తి దండం పెడతా, వద్దు. హ్యాండిల్ ఒక్క జర్క్ చాలు. మెట్రో ప్లాట్‌ఫామ్ అంచు, ఎస్కలేటర్, కదులుతున్న బస్సు ఫుట్‌బోర్డ్, ఇక్కడ కూడా చేతులు జేబులో పెట్టుకోండి.

బావామరదళ్ళు, వదినామరుదులు సరసమాడుకోవడం మన దగ్గర మామూలే కదా, అందులో తప్పేముంది?

మాటలతో ఎంతైనా ఆడుకోండి, ఆ వరసల్లో ఉన్న సొగసే అది. చెయ్యి వేసేదాకా వస్తే వరస పర్మిషన్ ఇవ్వదు, ఆ మనిషి ఇవ్వాలి. పెళ్ళింట్లో పదిమంది ముందు మరదలు నవ్వి ఊరుకుందంటే ఇష్టమైందని కాదు, అక్క పెళ్ళిలో గొడవెందుకని.

మా నాన్నకి షుగర్, మనవడు అరికాలికి పెడితే ముందు ఎగిరేవారు, ఇప్పుడు ఏం తెలియట్లేదంటున్నారు.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. షుగర్ చాలా ఏళ్ళుగా ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది, అప్పుడు ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు, పుండు పడేదాకా చూసుకోరు. డాక్టర్ దగ్గర సన్నటి నైలాన్ దారంతో అరికాలిలో అక్కడక్కడ తాకించి చూసే చిన్న పరీక్ష ఉంటుంది, అది చేయించండి. రోజూ రాత్రి పాదాలు వేళ్ళ సందుల్లో కూడా చూడండి, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమనండి.

అమ్మమ్మలతో తాతలతో ఈ ఆట ఆడొచ్చా?

నిలబడి ఉన్నప్పుడు, నడుస్తున్నప్పుడు వద్దు, తూలి పడితే తుంటి ఎముక విరుగుతుంది, ఆ వయసులో కోలుకోవడం చాలా కష్టం. డొక్కల్లో, మెడ దగ్గర కూడా వద్దు. కూర్చున్నప్పుడు అరచేతిలో నెమ్మదిగా పెట్టొచ్చు, ముందు అడిగి.

మా అమ్మకి 70 దాటాయి. మా పాపకి చిన్నప్పుడు తను ఆడించిన అత్తారింటికి దారేది ఆటని ఇప్పుడు పాప తనకి ఆడిస్తుంది, సాయంత్రం సీరియల్ టైమ్‌లో పక్కన చేరి "అమ్మమ్మా, చెయ్యి ఇస్తావా" అని అడుగుతుంది. మా అమ్మ టీవీ మీంచి కళ్ళు తీయకుండానే చెయ్యి చాపుతుంది, పప్పు రుబ్బి, వేళ్ళు మడిచి, ముడతల మీద నుంచి రెండు వేళ్ళు నడిచి మోచెయ్యి దాటేసరికి పళ్ళులేని నోటితో నవ్వుతుంది. మోకాళ్ళు నొప్పిగా ఉన్న రోజు మాత్రం "ఇవాళ వద్దే తల్లీ" అంటుంది, పాప సరే అని పక్కనే కాళ్ళు చాపుకుని కూర్చుని సీరియల్ చూస్తుంది.